చీకటికి కట్టే చందా

విశాఖ శివార్లలోని పెందుర్తి లాంటి చోట హారర్ సినిమాకి ఇప్పుడు ఇల్లే మొదటి ఆట. జగదాంబ, సంగం-శరత్ థియేటర్లున్న నగరం నడిబొడ్డుకి సెకండ్ షోకి వెళ్లి, అర్ధరాత్రి దాటాక ఎన్ఏడీ, గోపాలపట్నం, వేపగుంట మీదుగా తిరిగి రావడం పిల్లాపాపలతో అయ్యే పని కాదు. పైగా సుజాతనగర్, చినముషిడివాడ వైపు ఇళ్లలో స్టీల్‌ప్లాంటుకో పోర్టుకో షిఫ్టులకి వెళ్లేవాళ్లుంటే ఆ ఇంటి గడియారమే వేరు. రాత్రంతా సి-షిఫ్టు చేసొచ్చి పడుకున్న మనిషికి సినిమా చూసే తీరిక మధ్యాహ్నం మూడింటికి దొరుకుతుంది. ఆ తీరికని ఓటీటీ పట్టుకుంది. అయితే ఏ చందా కట్టాలన్న దగ్గర అందరూ ఒకటే లెక్క చెబుతారు: ఫలానా యాప్‌లో దెయ్యం సినిమాలు ఎక్కువున్నాయి, అదే కట్టండి అని. ప్రేమకథలకీ కామెడీలకీ ఈ లెక్క సరిపోతుందేమో గానీ హారర్‌కి సరిపోదు. హారర్ విషయంలో పోల్చాల్సింది ఓటీటీల పేర్లని కాదు, వాటి ప్లాన్లని. అదే సినిమా, అదే యాప్, ఒక ప్లాన్‌లో ఒళ్లు జలదరింపజేస్తుంది, ఇంకో ప్లాన్‌లో ఆవలింతలు తెప్పిస్తుంది.

ముందు సినిమాల సంగతే తేలుద్దాం, ఎక్కువమంది అడిగేది అదే కాబట్టి. తెలుగు హారర్ ఏ ఒక్కచోటా కుదురుగా లేదు. ‘మా ఊరి పొలిమేర’ 2021 డిసెంబరులో హాలు మొహం చూడకుండానే నేరుగా డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లోకి వచ్చింది. దాని రెండో భాగం 2023 నవంబరులో హాళ్లలో ఆడి, డిసెంబరులో ఆహాకి వెళ్లింది. ఒకే ఊరి కథ, ఒకే దర్శకుడు, రెండు చందాలు. ‘ఓదెల రైల్వేస్టేషన్’ 2022లో ఆహాలో వస్తే, ‘ఓదెల 2’ 2025లో ప్రైమ్ వీడియోలో తేలింది. అజనీష్ లోకనాథ్ సంగీతంతోనే సగం భయపెట్టిన సినిమాలు రెండున్నాయి: ‘విరూపాక్ష’ నెట్‌ఫ్లిక్స్‌కి పోయింది, ‘మంగళవారం’ హాట్‌స్టార్‌కి పోయింది. ఇందులో ఎవరి కుట్రా లేదు. సినిమా హక్కులు ఒక్కొక్కటిగా అమ్ముడవుతాయి, ఎవరి బేరం కుదిరితే వాళ్లకి. మన దగ్గర ‘హారర్ చూసేవాళ్లు’ అనే ఒక వర్గాన్ని మనసులో పెట్టుకుని కొనుగోళ్లు జరిపే పెద్ద సంస్థ లేదు. అమెరికాలో ఏఎంసీ నెట్‌వర్క్స్ వాళ్లు 2015లో ‘షడర్’ అని హారర్‌ కోసమే ఒక సర్వీసు పెట్టారు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలు దానికి డబ్బు కట్టి చూడగలరు. పెందుర్తిలో ఉన్న వాళ్ల అమ్మానాన్నలకి అది అందదు. కాబట్టి ఇక్కడ ‘హారర్‌కి ఫలానా యాప్’ అని ఎవరైనా ఒక్క ముక్కలో చెబితే, ఆ మాట వచ్చే నెలకి నిలబడుతుందన్న నమ్మకం లేదు.

అలాగని అన్నీ ఒకటే అనడం కూడా అన్యాయం, ఒక్కోదానికి ఒక్కో వాటం ఉంది. 2020 ఉగాదికి మొదలైన ఆహాకి తెలుగే పునాది. ‘మసూద’ హాళ్లలో విడుదలైన నెలరోజులకే 2022 డిసెంబరు 21న అక్కడికొచ్చింది. అదే ఏడాది జులైలో వచ్చిన ‘అన్యాస్ ట్యుటోరియల్’ సిరీస్, సోషల్ మీడియా మోజునీ దెయ్యాల ఇంటినీ కలిపిన ప్రయోగం. ఊహ బాగుంది, సాగదీత ఎక్కువ. సోనీలివ్‌లో తెలుగు హారర్ పెద్దగా లేదు గానీ రాహుల్ సదాశివన్ అనే ఒక్క మలయాళ దర్శకుడి కోసం దాన్ని ఒక నెల కట్టినా తప్పులేదు: 2022లో ‘భూతకాలం’, 2024 మార్చి 15న మమ్ముట్టి ‘భ్రమయుగం’. ఈ పదేళ్లలో దక్షిణాదిలో హారర్ ఇంతకంటే నిబ్బరంగా తీసినవాళ్లు నా లెక్కలో లేరు. నెట్‌ఫ్లిక్స్ బలం సిరీస్‌లు: ‘ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’, కొరియా ‘కింగ్‌డమ్’, మన దేశంలో తీసిన ‘ఘౌల్’. ప్రైమ్‌లో విక్రమ్ కె. కుమార్ ‘దూత’ ఉంది, తెలుగులో పూర్తి స్థాయి తారాగణంతో, ఖర్చుకి వెనకాడకుండా వచ్చిన అతీంద్రియ సిరీస్‌గా ఇప్పటికీ దాన్నే చెప్పుకోవాలి. 2025 ఫిబ్రవరి 14న జియోసినిమా, హాట్‌స్టార్ కలిసి జియోహాట్‌స్టార్ అయ్యాక హాలీవుడ్ సరుకు చాలావరకు అక్కడ చేరింది, వేణు తొట్టెంపూడి ‘అతిథి’ లాంటి తెలుగు సిరీస్‌లూ ఉన్నాయి. జీ5 గురించి చెప్పాలంటే ‘విరాటపాలెం’, ‘డిమాంటీ కాలనీ 2’ చాలు. ఇంత చెప్పినా, సినిమా దొరికిందన్నంత మాత్రాన భయం దొరికినట్టు కాదు.

హారర్ చీకట్లో పుడుతుంది, ఓటీటీ సాంకేతికతకి చేతకానిది సరిగ్గా ఆ చీకటే. మామూలు వీడియోలో నలుపు నుంచి తెలుపు దాకా ఉండేది 256 మెట్లు. పట్టపగలు తీసిన దృశ్యం ఆ మెట్లన్నింటి మీదా పరుచుకుంటుంది. అర్ధరాత్రి గదిలో తీసిన దృశ్యం మొత్తం అడుగునున్న కొద్ది మెట్ల మీదే సర్దుకోవాలి. దానికి తోడు ఇంటర్నెట్‌లో పంపడానికి వీడియోని కుదించే సాఫ్ట్‌వేర్, కంటికి ఎలాగూ ఆనదులే అని చీకటి భాగాల్లోంచే సమాచారం కోసేస్తుంది. అందుకే తలుపు వెనక ఎవరో ఉన్నారని దర్శకుడు చూపించాలనుకున్న చోట మనకి బూడిదరంగు ముద్దలూ చారలూ కనిపిస్తాయి. ఇది కాగితం మీద భయం కాదు. 2019 ఏప్రిల్‌లో ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’లో చచ్చినవాళ్ల సైన్యం దండెత్తే ‘ది లాంగ్ నైట్’ ఎపిసోడ్ వచ్చినప్పుడు ప్రపంచమంతా ఏమీ కనబడలేదని గోలపెట్టింది. దాన్ని చిత్రీకరించిన ఫేబియన్ వాగ్నర్, తప్పు చిత్రీకరణది కాదని, ఇళ్లలో టీవీల సెట్టింగులదీ ప్రసారంలో జరిగిన కుదింపుదీ అని సమర్థించుకోవాల్సి వచ్చింది. హెచ్‌బీఓ అంతటి సంస్థకే ఆ గతి పడితే, మన ఇంట్లో చవక ప్లాన్ మీద ఆడే బొమ్మ సంగతి వేరే చెప్పాలా! నెట్‌ఫ్లిక్స్ 2021 డిసెంబరులో మన దేశంలో ధరలు తగ్గించినప్పుడు పెట్టిన మెట్లు చూడండి: 149 రూపాయల మొబైల్ ప్లాన్‌లో 480పీ, 199 బేసిక్‌లో అప్పట్లో 480పీ, ఆ తర్వాత 720పీ, 499 స్టాండర్డ్‌లో 1080పీ, 649 ప్రీమియంలో 4కె, దాంతోపాటు హెచ్‌డీఆర్. హెచ్‌డీఆర్‌లో మెట్లు 1,024కి పెరుగుతాయి, చీకటికి ఊపిరాడేది అక్కడే. 43 అంగుళాల టీవీకి బేసిక్ ప్లాన్ పెట్టి ‘విరూపాక్ష’ అడవి దృశ్యాలు చూసినవాళ్లు సినిమా బాగాలేదంటే వాళ్లు చూసింది సినిమాని కాదనే అనుకోవాలి. ‘భ్రమయుగం’ అయితే ఏకంగా నలుపు తెలుపుల్లో తీసిన బొమ్మ. అందులో నీడే పాత్ర.

ఇక్కడ షిఫ్టుల ఊరికి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. మధ్యాహ్నం చూసేవాళ్లకి కిటికీలోంచి పడే వెలుతురులో చీకటి దృశ్యం అద్దమైపోతుంది, దెయ్యం రావాల్సిన చోట సోఫాలో కూర్చున్న మన బొమ్మే కనిపిస్తుంది. దానికి 649 ప్లాన్ కూడా ఏమీ చేయలేదు. మందపాటి కర్టెన్ ఒకటి కొనుక్కోవడం, టీవీలో ‘వివిడ్’ మోడ్ తీసేసి ‘సినిమా’ లేదా ‘ఫిల్మ్‌మేకర్’ మోడ్ పెట్టుకోవడం ఏ అదనపు చందా కంటే కూడా ఎక్కువ మేలు చేస్తాయి. ఇవేవీ ఏ యాప్ ప్రకటనలోనూ ఉండవు.

చీకటి తర్వాతది నిశ్శబ్దం. 2025 జూన్ 17 నుంచి ప్రైమ్ వీడియో మన దేశంలో సినిమాల మధ్య యాడ్స్ పెట్టడం మొదలుపెట్టింది. అవి వద్దనుకుంటే అప్పటికే కట్టిన 1,499 రూపాయల వార్షిక చందా మీద నెలకి 129 గానీ, ఏడాదికి 699 గానీ అదనంగా కట్టాలి. జియోహాట్‌స్టార్ మొదలైనప్పుడు మూడు నెలలకి 149 రూపాయల మొబైల్ ప్లాన్, 299 రూపాయల సూపర్ ప్లాన్ రెండింటిలోనూ యాడ్స్ ఉన్నాయి, 499 రూపాయల ప్రీమియంలో మాత్రమే సినిమా మధ్యలో ఎవరూ తలుపు కొట్టేవాళ్లు కాదు. నెట్‌ఫ్లిక్స్‌కి అమెరికాలో యాడ్స్ ప్లాన్ ఉంది గానీ, 2025లో మన దేశంలో దాన్ని పెట్టలేదు. యాడ్స్ ఉన్నాయా లేవా అన్న ఈ ఒక్క తేడా హారర్ ప్రేక్షకుడికి మిగతా తేడాలన్నింటికంటే పెద్దది. హారర్ దర్శకుడు పది నిమిషాలపాటు ఏమీ జరగనివ్వకుండా మన గుండెని కొంచెం కొంచెంగా బిగిస్తాడు. ఆ పది నిమిషాల మధ్యలో డిటర్జెంట్ పౌడర్ యాడ్ వస్తే ఆ బిగింపు మళ్లీ మొదటికొస్తుంది.

దీనికి ఒక గట్టి ఎదురు మాట ఉంది. తెలుగువాడికి భయం మొదట పరిచయమైందే ముక్కలు ముక్కలుగా కదా అని. నిజమే. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు, వారం వారం ఆగడమే ఆ భయానికి సగం బలం. మన సినిమాకి ఇంటర్వెల్ కూడా ఉంది, ‘అరుంధతి’ నుంచి ‘మసూద’ దాకా అందరూ ఇంటర్వెల్ దగ్గర ఒక ఉలికిపాటు దాచిపెట్టుకున్నవాళ్లే. మరి యాడ్ వస్తే తప్పేంటి? తప్పు ఆగడంలో లేదు, ఎక్కడ ఆగాలో ఎవరు నిర్ణయించారన్న దాంట్లో ఉంది. సీరియల్‌ని ఎక్కడ తెంపాలో రచయితకి తెలుసు, ఇంటర్వెల్ కార్డు ఎక్కడ వేయాలో దర్శకుడికి తెలుసు. యాడ్ పడే చోటుని ఆ ఇద్దరిలో ఎవరూ ఎంచుకోరు. ఈ వాదనకి నేనే ఒక మినహాయింపు ఇస్తాను: 2013లో ‘ప్రేమ కథా చిత్రమ్’ ఆడినప్పటి నుంచి తెలుగులో సగం దెయ్యాలు నవ్వించడానికే వచ్చాయి. ‘గీతాంజలి’, ‘రాజు గారి గది’, ‘ఆనందో బ్రహ్మ’ లాంటివాటికి యాడ్స్ వల్ల పోయేది పెద్దగా లేదు. నవ్వు మళ్లీ వెంటనే అందుకుంటుంది, భయం అందుకోదు. హారర్ కామెడీలే ఇష్టమైన ఇంటికి చవక ప్లానే సరైన ప్లాన్. పాత తెలుగు సినిమాలు చాలావాటిని హక్కులున్న సంస్థలే యూట్యూబ్‌లో ఉచితంగా పెడుతున్నాయి, వాళ్లకి అది కూడా చాలు.

శబ్దం గురించి వాదన ఇంకో రకంగా సాగుతుంది. టీవీల వెనక గోడవైపు తిరిగి ఉండే సన్నటి స్పీకర్లు మాటని వినిపిస్తాయి గానీ, వెనక గదిలో కుర్చీ జరిగిన చప్పుడుని వినిపించలేవు. ఈ విషయంలో, ఖరీదైన ప్లాన్లే కొనమని ఇప్పటిదాకా చెబుతున్న నాకు మొబైల్ ప్లాన్ గట్టి సమాధానమే చెబుతుంది: మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, లైటార్పి, ఫోన్‌లో ‘భూతకాలం’ చూసినవాడికి, హాల్లో పెద్ద టీవీ ముందు ఫ్యాను హోరులో కూర్చున్నవాడికంటే ఎక్కువ భయమేస్తుంది. ఆరంగుళాల తెర మీద 480పీ లోపం కూడా అంతగా తెలియదు. ఒప్పుకుంటాను. ఒంటరిగా చూసేవాళ్లకి మొబైల్ ప్లాన్, ఇయర్‌ఫోన్లు తక్కువ ఖర్చుతో దొరికే ఉత్తమమైన హారర్. కుటుంబంగా చూసేవాళ్లకి మాత్రం అది వర్తించదు.

డబ్బింగ్ దగ్గర కూడా ప్లాన్ కంటే సెట్టింగే ముఖ్యం. ‘భ్రమయుగం’కి తెలుగు డబ్బింగ్ ఉంది, పెద్దవాళ్లతో కలిసి చూసేటప్పుడు అది కావాల్సిందే. ఒంటరిగా చూసేవాళ్లు మాత్రం మమ్ముట్టి గొంతునే వినాలి. ఆ పాత్ర భయమంతా ఆ గొంతులోనే ఉంది. సబ్‌టైటిల్స్ పెట్టుకునేటప్పుడు వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం చేసిన రకాన్ని ఎంచుకోకండి, మీకు దాని అవసరం ఉంటే తప్ప. తలుపు కిర్రుమనడానికి అర సెకను ముందే ‘తలుపు కిర్రుమంది’ అని అక్షరాల్లో చదివాక భయపడటానికి ఇంకేం మిగులుతుంది?

హారర్ అంటే హాల్లో నాలుగొందల మంది ఒకేసారి కెవ్వుమనడం, ఇంట్లో ఎన్ని ప్లాన్లు మార్చినా అది రాదు అనేవాళ్లున్నారు. వాళ్ల మాటకి ‘తుంబాడ్’ సాక్ష్యం. 2018లో వచ్చిన ఆ సినిమా ఏళ్ల తరబడి ప్రైమ్‌లో జనం చూసిందే. అయినా 2024 సెప్టెంబరు 13న మళ్లీ థియేటర్లలో వేస్తే మొదటిసారి కంటే ఎక్కువ వసూలు చేసింది. ఇంట్లో చూసినవాళ్లే హాలుకి వెళ్లారంటే ఇంట్లో ఏదో తక్కువైందనే కదా. కానీ ఈ సాక్ష్యాన్ని రెండో వైపు నుంచి కూడా చదవాలి: మొదటిసారి హాళ్లలో పట్టించుకోని సినిమాకి ఆదరణ సంపాదించి పెట్టింది ఓటీటీనే. పైగా తెలుగు సినిమాకి మనవాళ్లు ఇచ్చే గడువు తక్కువ. ‘విరూపాక్ష’ 2023 ఏప్రిల్ 21న విడుదలైతే సరిగ్గా నెలకి, మే 21న, నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది. నాలుగు వారాల్లో ఇంటికొచ్చే బొమ్మ కోసం పెందుర్తి నుంచి కుటుంబమంతా బయల్దేరాలంటే ఆ సినిమా మరీ గొప్పదై ఉండాలి.

ఇంకో అభ్యంతరం ఉత్తరాంధ్రలో తేలిగ్గా తీసిపారేయలేనిది. చిల్లంగి, అంటే చేతబడి, పెట్టారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు విశాఖ మన్యం నుంచి మనం చదివినవే. అలాంటి చోట చేతబడి సినిమాల్ని ఇంటింటికీ పంపడం మంచిదా? నా దృష్టిలో ప్రశ్న సరైనదే, కానీ హారర్ అంతటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. ‘విరూపాక్ష’ మొదలయ్యేదే 1979లో ఒక ఊరు క్షుద్రపూజల అనుమానంతో దంపతుల్ని సజీవంగా తగలబెట్టడంతో. ఆ దృశ్యం చిల్లంగి హత్యల మీద ఏ అవగాహన సదస్సు కంటే బలంగా మాట్లాడుతుంది. తర్వాత కథ క్షుద్రవిద్య నిజమేనన్న వైపు జారిపోవడం సినిమా బలహీనత, ఆ మాటా చెప్పాలి. పిల్లల సంగతికొస్తే 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీలు ప్రతి చిత్రానికీ యూ, యూ/ఏ 7+, 13+, 16+, ఏ అన్న గుర్తు చూపించాలి, 13+ నుంచి పైవాటికి తల్లిదండ్రుల తాళం ఇవ్వాలి. తాళం యాప్‌లో ఉంటుంది గానీ, వేయాల్సింది మనం.

చివరికి మిగిలేది డబ్బు లెక్క. ఇంటర్నెట్ ఇప్పుడు అడ్డు కాదు. నెట్‌ఫ్లిక్స్ తన 4కె చిత్రానికి సెకనుకి 15 మెగాబిట్ల వేగం చాలంటుంది. ఏపీ ఫైబర్‌నెట్ మొదలైనప్పుడు 149 రూపాయలకి ఇస్తామన్న వేగం కూడా 15 మెగాబిట్లే. అదే ఫైబర్‌నెట్ 2023 జూన్ 2న విశాఖలోనే ‘ఫస్ట్ డే ఫస్ట్ షో’ మొదలుపెట్టింది, విడుదలైన రోజే సినిమాని 99 రూపాయలకి 24 గంటలపాటు ఇంట్లో చూసే ఏర్పాటు. చందా కాకుండా సినిమాకి ఇంతని తీసుకునే ఆ పద్ధతి హారర్‌కి చక్కగా సరిపోయేది, సరైన సినిమాలు అందులోకి వచ్చి ఉంటే. ఇప్పుడు అన్నీ ఏడాది పొడుగునా యాడ్స్ లేకుండా కావాలంటే ఎంతవుతుందో 2025 ధరల్లో చూడండి: నెట్‌ఫ్లిక్స్ స్టాండర్డ్ 5,988, అదనపు రుసుముతో ప్రైమ్ 2,198, జియోహాట్‌స్టార్ ప్రీమియం 1,499. ఈ మూడింటికే 9,685 రూపాయలు, ఆహా, సోనీలివ్, జీ5 ఇంకా కలపలేదు. ఏడాదికి పది, పన్నెండు మంచి హారర్ చిత్రాలు చూసే ఇంటికి ఇది అన్యాయమైన ఖర్చు.

అందుకని ఒకేసారి అన్నీ కాకుండా, నెలకొకటి చొప్పున మార్చుకుంటూ, ఆ ఒక్కదాన్నీ పై ప్లాన్‌లో తీసుకోండి. గుర్తుపెట్టుకుని ఆపడం ఎవరి వల్లవుతుందని అడగొచ్చు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఆటోపేలో డబ్బు కోసే 24 గంటల ముందు మెసేజ్ రావాలి, ఆ మెసేజ్ చూసి ఆపేస్తే సరి. ఒక నెల ఆహాలో ‘మసూద’, ‘పొలిమేర 2’. ఒక నెల సోనీలివ్‌లో రాహుల్ సదాశివన్ సినిమాలు రెండూ. ఇంకో నెల నెట్‌ఫ్లిక్స్‌లో, కనీసం స్టాండర్డ్ ప్లాన్ మీద, ‘విరూపాక్ష’, ‘హిల్ హౌస్’. సరుకుల డెలివరీ కోసం ప్రైమ్ ఎలాగూ ఉన్న ఇళ్లవాళ్లు ‘దూత’ చూసే నెలకి మాత్రం ఆ 129 రూపాయలు కట్టండి. ఏడాదికని 699 కట్టడం హారర్ ఒక్కదాని కోసమైతే దండగ.